బయటి గడియ

"వెనక గది తలుపుకి బయట గడియ పెట్టించాను. రేపట్నుంచి నువ్వే చూసుకోవాలి" అన్నారు మా ఆయన, నేను పెరట్లో కూర్చుని అత్తగారి దుప్పటి పిండుతుంటే.

ఆ మాట అనేసి, బూట్లకి నీళ్ళు తగలకుండా బకెట్‌ని తప్పించుకుని ఆఫీసుకి వెళ్ళిపోయారు. 'నువ్వే చూసుకోవాలి' అనేది ఆ ఇంట్లో నాకు కొత్త మాట కాదు. పాలు పొంగకుండా నువ్వే చూసుకోవాలి, నాన్నగారి మందులు నువ్వే చూసుకోవాలి, పిల్లకి జ్వరం వస్తే నువ్వే చూసుకోవాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూసుకుంటూనే ఉన్నాను. కానీ ఒక మనిషిని లోపల పెట్టి బయట గడియ వెయ్యడం కూడా వాటి పక్కన చేరుతుందని నేను అనుకోలేదు. తడి దుప్పటి చేతుల్లో అలాగే ఉండిపోయింది. మోచేతుల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

ఇప్పుడు నాకే మనవలున్నారు. మోకాళ్ళు చెప్పిన మాట వినవు, జ్ఞాపకాలు మాత్రం పిలవకపోయినా వచ్చి కూర్చుంటాయి. మా అత్తగారు పోయి చాలా కాలమైంది. అయినా బజారుకి వెళ్తే ఎవరో ఒకరు ఆపి, "మీ అత్తగారి లాంటి టీచరు మళ్ళీ పుట్టదండీ" అంటారు. బడిలో ఆవిడ ఫోటో పెట్టిన రోజున మందులిచ్చే డాక్టరూ, లారీ తోలే మనిషీ పక్కపక్కన కూర్చుని చిన్నపిల్లల్లా ముక్కులు చీదారు. వాళ్ళు చెప్పుకున్నవన్నీ నిజాలే. కాకపోతే ఆవిడ కథ బడి గేటు దగ్గర ఆపేశారు. ఆవిడకి ఇంటి గేటు కూడా ఒకటుండేది. అక్కడి నుంచి చెప్పగలిగేది నేనొక్కదాన్నే. నన్ను చిన్న తరగతుల్లోనే బడి మాన్పించారు, అందంగా చెప్పడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం మాత్రం వచ్చు.

ఆవిడ చిన్నపిల్లల తరగతి టీచరు. ఊరంతా టీచరమ్మ అనే పిలిచేది. పెద్ద తరగతులు ఇస్తామన్నా ఆవిడ వద్దనేది. "పెద్ద తరగతులకి వచ్చేసరికి పిల్లలకి భయం దాచుకోవడం వచ్చేస్తుందమ్మా. అప్పుడిక మనం చేసేదేం ఉండదు" అనేది నాతో. ఏ బడిలోనైనా హాజరు పిలిస్తే 'వచ్చాను టీచర్' అని ఒకటే జవాబు. ఆవిడ తరగతిలో ఇంకో జవాబు కూడా ఉండేది. 'వచ్చాను టీచర్, భయమేస్తోంది.' అలా అన్న పిల్లని ఎందుకు భయం, దేనికి భయం అని అడిగేది కాదు. ఆ పిల్ల లేచి వచ్చి ఆవిడ శాలువా కొస పట్టుకునేది. ఆవిడ బోర్డు మీద రాస్తున్నా, కిటికీ దగ్గరికి వెళ్ళినా, వెనకాలే శాలువా పట్టుకుని ఒకరో ఇద్దరో తోకలా తిరిగేవాళ్ళు. భయం తీరాక ఎవరికి వాళ్ళే వదిలేసి బెంచీకి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకడైతే రోజూ భయమేననేవాడట, బోర్డు దగ్గర సుద్దముక్కలు ఏరుకోవచ్చని. ఆవిడకి తెలుసు. "వాడి భయం సుద్దముక్కతో పోతుంటే పోనీలే" అని నవ్వేది.

ఆ శాలువాలు ఉతికేది నేను. కొసలన్నీ సిరా, చీమిడి, నోట్లో పెట్టుకుని నమిలిన గుర్తులు. సబ్బు రుద్దుతూ, ఇంతమంది పిల్లల భయం ఇంత చిన్న గుడ్డముక్కకి అంటుకుందే అనుకునేదాన్ని.

ఇక ఇల్లు. మా మామగారు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బజారులోకి వస్తుంటే కొట్లవాళ్ళు తక్కెళ్ళు సర్దుకునేవాళ్ళు. ఇంటికి వస్తుంటే మేం ముఖాలు సర్దుకునేవాళ్ళం. ఆయన చెయ్యెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఎత్తి ఉంటే ఎవరికైనా చెప్పుకునే వీలుండేదేమో. గట్టిగా అరవను కూడా అరవరు. గేటు చప్పుడుతోనే మాకు ఆరోజు వాతావరణం తెలిసిపోయేది. చప్పుడయ్యేలా మూస్తే గండం గడిచినట్టు. చప్పుడు లేకుండా మూస్తే మాత్రం ఎవరికో మూడినట్టే. ఆయన చెవులే తక్కెళ్ళు. వంటింట్లో గరిట ఎంత బరువుగా పెట్టామో హాల్లో కూర్చుని చెప్పేవారు.

మా అత్తగారు బడి వదిలిన వెంటనే ఇంట్లో ఉండాలి. ఏ పిల్ల తల్లో దారిలో ఆపి మాట్లాడిందనుకోండి, ఆవిడ వచ్చేసరికి వీధి తలుపు వేసి ఉండేది. తట్టకూడదు. మామగారు టీ తాగి, పేపరు చదివి, మడిచి పెట్టి, నావైపు చూసి కళ్ళతో ఊఁ అంటే అప్పుడు నేను తియ్యాలి. కొత్త కోడలిని. గడియ మీద చెయ్యి పెట్టుకుని లోపల నేను నిలబడేదాన్ని, సంచి భుజాన వేసుకుని బయట ఆవిడ నిలబడేది. మధ్యలో ఒక చెక్క. ఇంటికి పోతున్న బడి పిల్లలు చూసి, "టీచర్, బయట నిలబడ్డారేం?" అని అడిగేవాళ్ళు. "గాలి కోసమమ్మా, లోపల ఉక్కగా ఉంది" అనేది. నేను మొదట్లో నిజమేననుకున్నాను. చలికాలంలో కూడా అదే జవాబు విన్నాక కాదని తెలిసింది. మరీ ఆలస్యంగా, మా అమ్మాయి పుట్టాక ఎప్పుడో, ఇంకో సంగతి తట్టింది. ఆవిడ తరగతిలో ఎంత అల్లరి చేసిన పిల్లనైనా బయట నిలబెట్టడమనే శిక్ష ఎప్పుడూ లేదు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఇద్దరం గిన్నెలు తోముతున్నాం. మామగారు గుడ్డలు కుట్టించుకోవడానికి వెళ్ళారు. "అత్తయ్యా, భయమేస్తే చెప్పమని అందరికీ నేర్పుతారు కదా. మరి మీరు?"

ఆవిడ గిన్నె మీద నీళ్ళు పోస్తూ, "చెప్పడానికి ఎదురుగా టీచరుండాలి కదే" అని నవ్వింది. నవ్వుతూనే గేటు వైపు చూసింది. నేనూ చూశాను. గేటు దగ్గర ఎవరూ లేరు. అయినా ఇద్దరం మాట ఆపేశాం.

రిటైరయిన కొన్నాళ్ళకి ఆవిడకి మరుపు మొదలైంది. ముందు చిన్న చిన్నవి. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, ఒకోసారి అసలు పడేది కాదు. "సగటు మీద సరిపోతుందిలెండి" అని నేను అంటే మా ఆయన కూడా నవ్వేవారు. చెప్పులు ఫ్రిజ్‌లో దొరికాయి. నన్ను ఎప్పటివో బడి పిల్లల పేర్లతో పిలిచేది. మా అమ్మాయికి మాత్రం ఆ మరుపు పండగలా ఉండేది. "నాయనమ్మా, ఈ కథ నిన్ననే చెప్పావు" అనేది. "అయితే ఇవాళ ఇంకా బాగా చెప్తాను చూడు" అనేది ఆవిడ. నిజంగానే బాగా చెప్పేది. ఇద్దరూ కిటికీ దగ్గర ఒకే కుర్చీలో ఇరుక్కుని, ఒకరి జడ ఒకరు వేసుకుంటూ, పొద్దుపోయేదాకా బడి ఆట ఆడేవాళ్ళు. అవి చూస్తే నా గుండె నిండేది. వెంటనే భయం కూడా వేసేది. ఎందుకంటే ఆవిడ అన్నిటితోపాటు జాగ్రత్తపడటం కూడా మర్చిపోతోంది. గేటు చప్పుడైతే తలెత్తడం మానేసింది.

అది ఆదివారం మధ్యాహ్నం. అందరం భోజనానికి కూర్చున్నాం. నేను వడ్డిస్తున్నాను. ఆవిడ ఉన్నట్టుండి శాలువా సర్దుకుని, బల్ల మీద చేత్తో తట్టి హాజరు పిలవడం మొదలుపెట్టింది. మొదట మా ఆయన్ని, చిన్నప్పటి ముద్దుపేరుతో. ఆయన నోట్లో ముద్ద ఉండగానే, "వచ్చాను" అనేశారు. అని సిగ్గుపడ్డారు. తర్వాత నన్ను, ఎవరిదో పేరుతో. గరిట పట్టుకుని, "వచ్చాను టీచర్" అన్నాను. మా అమ్మాయి కిసుక్కుమంటూ తన వంతు చెప్పింది. అప్పుడావిడ మా మామగారి పేరు ఇంటిపేరుతో సహా పిలిచింది. ఆ ఇంట్లో ఎవరి నోటా ఆ పేరు వినలేదు నేను. ఆయన తల ఎత్తలేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చున్న మనిషిని దాటి అటూ ఇటూ వెతికి, "రాలేదు. ఈ పిల్లాడు ఎప్పుడూ రాడు. ఇంటికి కబురు పంపాలి" అంది.

మా అమ్మాయి ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాను, కానీ ముఖం దాచుకోలేకపోయాను. మామగారు చెయ్యి కడుక్కుని లేచారు. "నవ్వుతున్నారు. నవ్వండి" అన్నారు. అంతే. ఆ పూటంతా ఇంకేం అనలేదు. ఉరుము వినపడితే పిడుగు పడిపోయిందని ఊరట. ఉరుమే లేకపోతే ఎక్కడ పడుతుందా అని చెవులు రిక్కించుకుని తిరగాలి. అలాగే తిరిగాను, గది నుంచి గదికి.

ఆ తర్వాత వారం నేను డాబా మీద బట్టలారేసి దిగేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. బడి గంట కొట్టే తాత దారిలోనే ఎదురొచ్చి, "కంగారు పడకమ్మా, మన దగ్గరే ఉంది" అన్నాడు. వెళ్ళి చూస్తే చిన్నపిల్లల తరగతిలో, పిల్లల మధ్యన, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న బెంచీ మీద కూర్చుని ఉంది. కుర్చీలో ఉన్నది కొత్తగా వచ్చిన టీచరు, మా అత్తగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న అమ్మాయే. తను హాజరు పిలుస్తోంది. పిల్లలందరి పేర్లూ అయిపోయాక ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, గౌరవంగా, మా అత్తగారి పేరు కూడా పిలిచింది.

మా అత్తగారు లేచి నిలబడి చేతులు కట్టుకుంది. "వచ్చాను టీచర్, భయమేస్తోంది" అంది.

ఆ అమ్మాయి ఆవిడ పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది. నన్ను చూసి ఆవిడ, "నేను ఇంటికి రానమ్మా. తలుపు తియ్యరు" అంది. హెడ్‌మాస్టరు వచ్చారు. పిల్లల కోసం వచ్చిన తల్లులు గుమ్మంలో మూగారు. "గాలి కోసం కాదు టీచర్. అబద్ధం చెప్పాను. ఆయన తియ్యనివ్వరు. లోపల మా కోడలు ఏడుస్తూ ఉంటుంది" అంది ఆవిడ, అచ్చం పాఠం అప్పచెప్పినట్టు, గొంతు వణక్కుండా. నేను ఏడ్చేదాన్నని ఆవిడకి తెలుసని నాకప్పటిదాకా తెలీదు.

గంట తాతా నేనూ ఆవిడకి అటొకరూ ఇటొకరూ నిలబడి నడిపించుకొచ్చాం. వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. మేం ఇల్లు చేరకముందే మాట చేరింది. "రోడ్డు మీద బళ్ళు తిరుగుతుంటాయి, తప్పిపోతే ఎవరు వెతుకుతారు?" అన్నారు మామగారు మా ఆయనతో. చాలా ప్రేమగా అన్నారు. మర్నాడు వడ్రంగి వచ్చి వెళ్ళాడు.

అదీ దుప్పటి పిండుతూ నేను విన్న మాట వెనకున్న కథ.

వెనక గది అంటే పాత సామాన్లు వేసుకునే గది. ఒక కిటికీ ఉంది, సందులోకి. సందుకి అవతల బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. మేమంతా మిషనక్క అంటాం. ఆవిడ మిషను చప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గదిలోకి వినపడుతూ ఉంటుంది. తలుపు పాతది, బందులు జారి కిందికి వంగింది. గడియ పడాలంటే చేత్తో తలుపుని కాస్త పైకెత్తి పట్టుకోవాలి. మొదటిరోజు నేను అలాగే ఎత్తి, హాల్లో మామగారికి వినపడేలా గడియని గట్టిగా తోశాను. తోసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ చప్పుడు కాకుండా వెనక్కి లాగేశాను. తర్వాత దానికి మిషనక్క దగ్గర అడిగి తెచ్చిన నూనె చుక్క వేశాను. వెయ్యడం ఆయన చెవి కోసం, తియ్యడం నాకోసం. రోజూ ఇదే. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది, గడియ ఉండదు. ఆయన ఎప్పుడైనా ఇటు నడిచి వచ్చి చూస్తే? వంటింట్లో ఉల్లిపాయ తరుగుతూ కూడా నా వీపు అటే చూస్తూ ఉండేది. హాల్లో కుర్చీ కిర్రుమంటే చేతిలో కత్తి ఆగిపోయేది. గడియ వేసినవాళ్ళకి లేని భయం, దొంగతనంగా తీసినవాళ్ళకి ఎంత ఉంటుందో నాకు తెలుసు. నిద్రలో కూడా బొటనవేలు గడియని వెనక్కి లాగుతూ ఉండేది.

ఒకరోజు నేను ఆ గదిలో ఉండగా మిషనక్క తన కిటికీలోంచి కేకేసింది. "ఏమ్మా, టీచరమ్మ వీధిలో కనపడటమే మానేసింది!"

"పడుకున్నారక్కా" అన్నాను.

"ఎప్పుడడిగినా పడకేనా?"

"కాస్త జ్వరం."

"నాకు జ్వరమెక్కడిదే!" అంది మా అత్తగారు నా వెనక నుంచి, తన నుదురు తనే పట్టుకు చూసుకుంటూ. మిషనక్క నవ్వింది. నవ్వి, నావైపు చూసి, నవ్వడం ఆపేసింది.

ఆ మాటలు హాలు దాకా వెళ్ళాయి. మామగారు నన్ను పిలిచి, "ఆ కిటికీ మూసెయ్యి. ఎవరితో ఏం మాట్లాడుతుందో" అన్నారు. మూశాను. మూస్తుంటే, రెక్క దగ్గరికి వస్తుంటే, వెలుతురు సన్నబడుతుంటే అర్థమైంది నాకు. కిటికీలోంచి ఎవరూ తప్పిపోరు కదా. ఆవిడ తప్పిపోతుందని కాదు ఈ గడియ. చెప్పేస్తుందని. ఇన్నేళ్ళూ ఆవిడ పెదవులే ఈ ఇంటికి గడియ. అది ఊడిపోయింది గనక వడ్రంగిని పిలిపించారు.

తర్వాత కొద్ది రోజులకే మామగారి పాత ఆఫీసు వాళ్ళు చూడ్డానికి వచ్చారు. పెద్ద పెద్ద మనుషులు. నేను టీ పట్టుకెళ్ళాను. కప్పులు అందిస్తుంటే వెనక గది తలుపు తోసుకుని మా అత్తగారు హాల్లోకి వచ్చింది. ముఖం నిండా మర్యాద. "అయ్యో, ఇంతసేపూ బయటే నిలబెట్టారా మిమ్మల్ని? రండి రండి. ఆయన చూడకుండా నేను తీస్తాగా" అని వాళ్ళ చెవి దగ్గర గుసగుసగా చెప్పింది. వాళ్ళు మామగారిని చూడలేక టీ వంక చూశారు. ఒకాయన, "చక్కెర సరిపోయిందమ్మా" అన్నాడు నాతో, ఎవరూ అడక్కుండానే.

వాళ్ళు వెళ్ళాక మామగారు అడిగారు. "గడియ వేశావా?"

"వేశానండీ మామయ్యగారూ."

"మరి?"

"కొత్త గడియ కదండీ... సరిగ్గా పడలేదేమో."

ఆయన నన్ను చాలాసేపు తూచారు. "సరే" అన్నారు. ఆ 'సరే' నన్ను రాత్రంతా మేలుకోబెట్టింది. నన్ను ఏం చేస్తారో అని భయపడ్డాను. పుట్టింటికి పంపేస్తారా? మా ఆయనతో చెప్పి మాటలు పడేలా చేస్తారా? అన్నీ నా చుట్టూనే ఆలోచించుకున్నాను. అసలు వైపు నా బుద్ధి పోలేదు.

మర్నాడు కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి వసారాలో మా అమ్మాయి ఉంది. బడి లేదు ఆరోజు. వెనక గది తలుపు దగ్గర మునివేళ్ళ మీద నిలబడి, భుజంతో తలుపుని పైకెత్తి గడియ తోస్తోంది. పడింది. ఒకసారి లాగి చూసుకుంది. మళ్ళీ లాగి చూసుకుంది. తర్వాత హాలు వైపు తిరిగి, చప్పుడు సరిపోయిందా లేదా అన్నట్టు చెవి అటు పెట్టింది. ఆ ముఖం నాకు తెలుసు. ఆ వయసులో నాకు ఆ ముఖం లేదు. కాపురానికి వచ్చాక వచ్చింది. దానికి ఇప్పుడే వచ్చేసింది.

"ఎవరు వెయ్యమన్నారే?"

"తాతయ్య. ఇకనుంచి నా పనే అన్నారు." గర్వంగా చెప్పింది. "కొంచెం పైకెత్తాలమ్మా, నేనే కనిపెట్టాను. నీలా వదులుగా కాదు, గట్టిగా వేశాను. తాతయ్య శభాష్ అన్నారు."

"నాయనమ్మ ఏమైనా అందా?"

దాని గొంతు తగ్గింది. "'ఎవరు తల్లీ అక్కడ' అంది. చాలాసార్లు అంది. నా పేరు పెట్టి కూడా పిలిచింది, మర్చిపోకుండా." చేతుల్లోకి చూసుకుంది. అరచేతిలో గడియ నొక్కుకున్న ఎర్రటి చార. "నేను పలకలేదు. పలకొద్దన్నారు తాతయ్య."

కూరగాయల సంచి కింద పెట్టాను. ఏదో ఒక కాయ దొర్లుకుంటూ పోయింది, ఎటు పోయిందో చూడలేదు. అప్పుడు నేను అనుకున్నది ఇది: ఈ ఇంట్లో ఈ పెద్దమనిషి తన చేత్తో ఒక్క తలుపూ వెయ్యలేదు. వీధి తలుపు నా చేత వేయించారు. ఈ తలుపు నా చేత, నేను పనికిరాకపోతే నా కూతురి చేత. రేపు దాని కూతురి చేత. ఆయన చేతులు ఎప్పుడూ శుభ్రంగా, పేపరు పట్టుకుని, కుర్చీలోనే ఉన్నాయి. మేం లేకపోతే ఆయన దగ్గర ఏముంది? కళ్ళతో అనే ఒక 'ఊఁ' తప్ప?

గడియ తీశాను. దాచకుండా, చప్పుడయ్యేలా తీశాను. "రా" అన్నాను పిల్లతో.

"ఎక్కడికి? తాతయ్య..."

"నాయనమ్మ పిలిచిందిగా. రా."

ఇద్దరం లోపలికి వెళ్ళాం. తలుపు దగ్గరికి వేశాను. మా అత్తగారు మమ్మల్ని చూసి జరిగి మంచం మీద చోటిచ్చింది. మా అమ్మాయి వెళ్ళి ఆవిడ ఒళ్ళో ముఖం దాచుకుని, ఏడుస్తున్న చప్పుడు రాకుండా ఏడ్చింది. చప్పుడు రాకుండా ఏడవడం కూడా నేర్చేసుకుంది! ఆవిడ దాని జడ విప్పి మళ్ళీ వెయ్యడం మొదలుపెట్టింది. నేను నేల మీద, తలుపుకి ఎదురుగా కూర్చున్నాను.

ఎంతసేపు కూర్చున్నామో. "టీ" అని వినపడింది హాల్లోంచి. నా ఒళ్ళు దానంతటదే సగం లేచింది. మళ్ళీ కూర్చోబెట్టాను దాన్ని. "టీ" అని ఇంకోసారి. కుర్చీ కిర్రుమంది. అడుగులు వంటింటి దాకా వచ్చి, ఆరిపోయిన పొయ్యిని చూసి కాబోలు, ఆగి, వెనక్కి వెళ్ళాయి. అవతల మిషను చప్పుడు వస్తూనే ఉంది, మూసిన కిటికీలోంచి సన్నగా. లేచి వెళ్ళి టీ పెట్టేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు అని నాలోనే ఒక మనిషి గొణుగుతోంది. ఆ మనిషిదీ నా గొంతే. కాదనను.

గేటు చప్పుడైంది. మా ఆయన. హాల్లో ఏవో మాటలు, తండ్రివి మెల్లగా, కొడుకువి ఇంకా మెల్లగా. తలుపు అవతలికి వచ్చారు.

"ఏంటిది? నాన్నగారికి టీ కూడా ఇవ్వలేదట. వంట లేదు. పిల్లేది?"

"ఇక్కడే ఉంది. గడియ వెయ్యమన్నారు కదండీ" అన్నాను. నా మాట నాకే ఎక్కడో దూరంగా వినపడింది. "వెయ్యాల్సిన చేతులన్నీ లోపలే ఉన్నాయి. బయట మీరిద్దరే మిగిలారు. మీరే వేసుకోండి."

"పిచ్చెక్కిందా నీకు? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"వెయ్యరా" అన్నారు మామగారు.

"నాన్నా... లోపల పిల్ల కూడా ఉంది."

"వెయ్యమన్నాను."

మా ఆయన ఊపిరి తలుపు సందులోంచి వినపడుతోంది. వెయ్యలేదు. తలుపు తియ్యనూ లేదు. ఆయన ఎప్పుడూ అక్కడే ఆగిపోతారు, వాళ్ళమ్మ బయట నిలబడ్డ రోజుల్లోనూ హాల్లో పుస్తకం ముందు పెట్టుకుని అలాగే ఆగిపోయేవారు.

"చేతకాకపోతే జరుగు" అన్నారు మామగారు.

గడియ కదిలింది. పట్టలేదు. ఇనుము చెక్కకి కొట్టుకుంది. మళ్ళీ తోశారు. మళ్ళీ కొట్టుకుంది. తలుపు పైకెత్తాలని ఆయనకి తెలీదు. పాపం, ఎలా తెలుస్తుంది? మూడోసారి ఇంకా గట్టిగా, కోపంగా. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు మా అత్తగారు జడ వెయ్యడం ఆపి, తలుపు వైపు తిరిగి, లెక్క రాక తిప్పలు పడుతున్న పిల్లాడికి చెప్పినట్టు, ఎంతో ఓపిగ్గా చెప్పింది.

"కొంచెం పైకెత్తి తొయ్యి నాన్నా. వస్తుంది."

అవతల అంతా ఆగిపోయింది. తర్వాత తలుపు కాస్త పైకి లేచింది. గడియ పడింది.

"ఆఁ, వచ్చింది చూశావా" అంది ఆవిడ.

అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. గదిలో చీకటి పడుతోంది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. రెక్క బిగుసుకుపోయింది. రెండు చేతులతో తోస్తే తెరుచుకుంది. సందులోంచి గాలీ, వెలుతురూ ఒక్కసారిగా వచ్చాయి. మిషనక్క తలెత్తింది.

"ఏమ్మా, ఇవాళ మీ ఇంట్లో పొయ్యి వాసనే లేదు? అందరూ బాగున్నారా?"

బాగున్నామక్కా అనడానికి నా నోరు అలవాటుగా తెరుచుకుంది. జ్వరం, నిద్ర, తలనొప్పి, ఎన్ని జవాబులో, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. నాకు చాలా భయంగా ఉంది. భయం తగ్గాక చెబుదామంటే ఆ రోజు వచ్చేదే కాదు.

"బాగాలేమక్కా. మా మామగారు మా ముగ్గురినీ గదిలో పెట్టి బయట గడియ వేశారు" అన్నాను.

మిషను ఆగిపోయింది. ఆవిడకి వినపడిందని నాకు తెలుసు. అయినా ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను, హాల్లో కుర్చీ దాకా.